పేర్లు చదివే వేళ

ప్రియమైన తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. మేమిద్దరం బాగున్నాం. నీ మోకాలు ఎలా ఉందో కిందటి ఉత్తరంలో రాయలేదు.

నిన్న గుడి నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. వచ్చే నెల మొదటి ఆదివారం నుంచి పొద్దున్న ఏడు గంటల పూజ లాటిన్‌లో ఉండదట. ఇంగ్లీషులో ఉంటుందట. బలిపీఠాన్ని గోడ దగ్గర్నుంచి ముందుకు జరుపుతారు. ఫాదర్ మన వైపు తిరిగి, మైకులో పూజ చెబుతారు. కింద బిషప్ గారి ముద్ర ఉంది.

రెండుసార్లు చదివాను. తర్వాత లోపలికి వెళ్ళి బలిపీఠం మీద పరిచే గుడ్డలు ఇస్త్రీ చేశాను. ఇంకేం చెయ్యాలో తోచలేదు.

మన ఫాదర్‌ని అడిగాను. "ఇది నా చేతుల్లో లేదమ్మా. ఈ గుడి నుంచే ఎవరో బిషప్ గారికి ఉత్తరం రాశారట. అది చదివి ఆయన కదిలిపోయారట" అన్నారు. ఎవరని అడిగితే తనకీ చెప్పలేదన్నారు.

బిషప్ గారి ఆఫీసులో ఉత్తరాలన్నీ నీ చేతి మీదుగానే వెళ్తాయి. ఒక్కసారి ఆయనతో మాట్లాడు. పూజలన్నీ మార్చుకోమను. ఈ ఒక్కటీ ఉంచమను. నా కోసం కాదు, మన చెల్లి పిట్ట కోసం.

ఆయనకు చదివి వినిపించడానికి వీలుగా, నీకు తెలిసిన సంగతే మళ్ళీ రాస్తున్నాను.

మా చెల్లెలికి రెండో ఏట జ్వరం వచ్చి వినికిడి పూర్తిగా పోయింది. నవ్వితే పిట్ట కూసినట్టు చిన్న చప్పుడు చేస్తుంది కాబట్టి ఇంట్లో పిట్ట అంటాం. ఇప్పుడు నలభై ఏడేళ్ళు. పళ్ళ సెట్లు తయారుచేసే వర్క్‌షాపులో పనిచేస్తోంది. ఏడేళ్ళ వయసు నుంచి లాటిన్ పూజలో నా పక్కనే కూర్చుంటోంది. ఆమె మణికట్టు మీద నా వేలు ఉంటుంది. ఫాదర్ బలిపీఠం మెట్లు ఎక్కితే ఒకసారి తడతాను. మొదటి గంట మోగితే రెండుసార్లు. ఫాదర్ ఆశీర్వదించిన అప్పాన్ని పైకెత్తినప్పుడు మూడుసార్లు. మధ్యలో ఫాదర్ మనకు వీపు పెట్టి, పెదవి దాటని గొంతుతో చేసే పెద్ద ప్రార్థన ఉంటుంది. అప్పుడు తట్టను. అరచెయ్యి ఆనించి ఉంచుతాను.

ఆ పది నిమిషాలు గుడిలో ఎవరి చెవులకూ పని లేదు. ఆమెకు ఏ లోటూ లేని చోటు అదొక్కటే. మైకు పెడితే ఆ చోటు కూడా పోతుంది.

ఇంతకంటే నాకు చెప్పడం రాదు.

ప్రార్థనలో నిన్ను తలుచుకునే
అక్క

*

ప్రియమైన అక్కకి,

నీ తమ్ముడి నమస్కారాలు. మోకాలు బాగానే ఉంది. మోకరిల్లేటప్పుడు మాత్రం నాకంటే ముందు అదే "ప్రభువా" అంటోంది.

నీ ఉత్తరం బిషప్ గారికి చదివి వినిపించాను. నీ వైపు వకాల్తా పుచ్చుకున్నట్టే చదివాను, ఒట్టు. అరచెయ్యి దగ్గరకొచ్చేసరికి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఒకే ప్రశ్న అడిగారు. "మరి ఆ చెల్లెలు ఏమంటోంది?"

అక్కా, ఆమెను అడిగావా?

ఎవరు రాశారన్నది మాత్రం అడక్కు. ఆఫీసులోకి వచ్చిన ఉత్తరం పాపసంకీర్తనంలో ఫాదర్ చెవిన వేసిన మాట లాంటిదే. నా నోరు కుట్టేసినట్టే అనుకో. నీ మిషను మీద నువ్వు కుట్టినంత గట్టిగా.

"ఇంగ్లీషే ఎందుకు, మన భాష ఉండకూడదా" అని నువ్వు అడగలేదు గానీ నీ మనసులో ఉండే ఉంటుంది. నాకూ ఉంది. కానీ ఆ గుడికి వచ్చేవాళ్ళలో మన మాట మాట్లాడే ఇళ్ళు మూడు. మనది, బేకరీ ఆయనది, గంట కొట్టే తాతది. మిగిలినవాళ్ళు పది రకాల భాషలవాళ్ళు. అందరికీ కలిసేది ఇంగ్లీషు ఒక్కటే.

ఒక మాట చెప్పనా? ఎనిమిదేళ్ళప్పుడు నేను పూజలో సహాయం చేస్తూ లాటిన్ జవాబులు గడగడా అప్పజెప్పేవాణ్ణి. సగం మింగేసేవాణ్ణి. ఆ లాటిన్ దేవుడికైనా అర్థమైందో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే. నువ్వు మాత్రం ఒక్క అక్షరం పోకుండా, కళ్ళు మూసుకుని చెప్పేదానివి. నిన్ను చూసే నేను ఫాదర్‌నయ్యాను. అందుకే నీతో వాదించడం నాకు కష్టం.

పిట్ట కొత్త పళ్ళ సెట్టు ఎవరికి చేస్తోంది? కిందటిసారి వచ్చినప్పుడు నా నోట్లోకి దొంగ చూపులు చూసింది. నాకింకా టైముందని చెప్పు.

నీ తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

అక్క ఆశీస్సులు.

సంతకాలు సేకరించాను. ఇరవై నాలుగు. జాబితా దీనితో పంపుతున్నాను. బేకరీ ఆయన పెట్టారు. గంట తాత వేలిముద్ర వేశాడు. "మైకొస్తే నా గంటను ఎవరు లెక్కచేస్తారు" అని ఆయన బాధ ఆయనది.

ఉత్తరం రాసింది ఇంగ్లీషు టీచరమ్మే అనుకున్నాను. రిటైరైనా చేతిలో ఎర్ర పెన్ను వదలని మనిషి. గుడి వాకిట్లో నిలబెట్టి అడిగేశాను.

"బిషప్ గారికి రాసింది మీరేనా?"

"నేనా? నేను రాస్తే కింద పేరు, అడ్రసు, ఫోను నంబరు పెట్టి రాస్తాను. చాటుమాటు పనులు నాకు చేతకావు."

"మీకు ఇంగ్లీషంటే ఇష్టం కదా."

"ఇష్టమే. కానీ లాటిన్ పూజలో నాకు కునుకు బాగా పడుతుందమ్మా. అర్థమయ్యే భాషలో పెడితే మేలుకుని ఉండాలి. ఇలా ఇవ్వు ఆ కాగితం." ఇరవై నాలుగో సంతకం ఆవిడదే.

ఆమె మీద అనుమానపడినందుకు పాపసంకీర్తనంలో చెప్పుకున్నాను.

పిట్టను అడిగావా అన్నావు. అడగలేదు. ఎందుకో చెబుతాను. ఇక్కణ్ణించి బిషప్ గారికి చదవకు.

అమ్మ పోయిన ఏడు, పిట్టకు ఏడేళ్ళు, నాకు పదహారు. ఒక ఆదివారం పూజ మధ్యలో నా చెయ్యి పట్టి లాగింది. ఫాదర్ వీపు చూపించింది. ఇంతసేపు ఆయనేం చేస్తున్నాడని వేళ్ళతో అడిగింది. నాకు లాటిన్ నోటికి వచ్చు. అర్థం రాదు. ఆమె మళ్ళీ అడిగింది. తన చెవి చూపించి, పైకి చూపించి, తల అడ్డంగా ఊపింది. దేవుడు పిలిచినా నాకు వినపడదు, మరి నేను ఆయనకు తెలుసా అని.

ఫాదర్ పేర్లు చదువుతున్నాడని చెప్పాను. గుడిలో ఉన్నవాళ్ళందరి పేర్లూ, ప్రతి వారం, దేవుడికి. నీ పేరు కూడా ఉంది, ఇదిగో నా అరచెయ్యి ఆనించి ఉన్నంతసేపూ చదువుతున్నట్టే అన్నాను.

అది అబద్ధం. ఆ ప్రార్థనలో బతికున్నవాళ్ళను తలుచుకునే చోటు ఒకటుందని, కానీ అందరి పేర్లూ చదవరని తర్వాత తెలిసింది. తెలిశాక నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఎందుకంటే ఆ రోజు నుంచి, నా అరచెయ్యి ఆనగానే ఆమె జుట్టు సర్దుకుని నిటారుగా కూర్చుంటుంది. క్లాసులో హాజరు పలికే పిల్లలా. నలభై ఏళ్ళుగా అంతే.

ఇప్పుడు ఫాదర్ ఇటు తిరుగుతాడు. పెదాలు కనిపిస్తాయి. ఇంట్లో మనం నోరు విప్పేది తక్కువ, ఆమెతో చేతులతోనే మాట్లాడతాం. హాస్టల్ బడిలో ఆమెకు పెదాలు చదవడం నేర్పింది ఇంగ్లీషులోనే. లాటిన్ అయితే ఆయన ఇటు తిరిగినా పట్టుకోలేదు. ఇంగ్లీషు పట్టుకుంటుంది. తన పేరు అక్కడ లేదని మొదటి ఆదివారమే తెలిసిపోతుంది.

నాకు లాటిన్ కావాలి. అది నిజం. కానీ నిద్ర పట్టనివ్వనిది ఇది.

అక్క

*

ప్రియమైన అక్కకి,

నీ తమ్ముడు రాసేది.

సంతకాల జాబితా బిషప్ గారి ముందు పెట్టాను. గంట తాత వేలిముద్ర చూసి నవ్వారు. కానీ ఆయన మాట మారలేదు. మొదటి ఆదివారం నుంచి ఇంగ్లీషు పూజే.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇన్నాళ్ళూ దాచాను. నోటీసు బోర్డు మీద నువ్వు రెండుసార్లు చదివిన ఆ కాగితంలో మాటలు నావి. ముద్ర ఆయనది. రాసింది నేను. రాయమన్నారు కాబట్టి రాశానని తప్పించుకోవచ్చు. కానీ వచ్చిన ఉత్తరం చదివాక నేనే ఆయనకు గట్టిగా చెప్పాను, ఈ పూజ మార్చాలని.

నువ్వు తిట్టవని తెలుసు. తిడితే బాగుండునని కూడా తెలుసు.

నువ్వు రాసిన ఆ సంగతి ఎవరికీ చదవలేదు. కానీ అక్కా, పిట్టను నువ్వింకా ఏడేళ్ళ పిల్లగానే చూస్తున్నావేమో. ఆమెకు నలభై ఏడని రాసింది నువ్వే.

ఒక్కటి మాత్రం అడుగుతాను. ఆ ఆదివారం ఆమె పక్కన కూర్చో.

నీ తమ్ముడు

*

ప్రియమైన అక్కకి,

రెండు నెలలైంది. ఆ తర్వాత రాసిన రెండింటితో కలిపి నా మూడు ఉత్తరాలకు జవాబు లేదు. మన ఇంట్లో ఫోను మోగితే ఒకరికి వినపడదు, ఇంకొకరు ఎత్తరు. అందుకే మళ్ళీ కాగితమే.

పిట్ట రాసింది. ఉన్నదున్నట్టు ఇక్కడ దించుతున్నాను. "అక్క ఆదివారం పూజకు రావడం లేదు. శనివారం సాయంత్రం నర్సుల హాస్టల్ పక్కన చిన్న ప్రార్థనాలయానికి వెళ్తోంది. అక్కడ ముసలి ఫాదర్ మైకు లేకుండా, ఎవరికీ వినపడకుండా చెబుతారు. నేను మన గుడిలో ముందు వరుసలో ఒక్కదాన్నే కూర్చుంటున్నాను. నా పక్కన ఎవరైనా కూర్చోబోతే చెయ్యి అడ్డం పెడుతున్నాను."

ఇది చదివాక నా పూజ నేను సరిగ్గా చెప్పలేకపోయాను.

బిషప్ గారికి ఎవరు రాశారో నేను చెప్పకూడదు. చెప్పను. కానీ నువ్వు ఊరంతా అడిగావు, ఇంట్లో ఒకర్ని అడగలేదు.

తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఆలస్యానికి క్షమించు. కోపం కాదు. ప్రార్థనలో కూడా మాటలు రాలేదు. నీకేం రాయను?

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. ఆ సాయంత్రం పిట్ట పని నుంచి వచ్చి, బల్ల దగ్గర కూర్చుని గోళ్ళలో ఇరుక్కున్న, పళ్ళ అచ్చులు పోసే సున్నం పిండి గీక్కుంటోంది. నేను కాగితం మీద రాసి ఆమె ముందుకు జరిపాను. "బిషప్ గారికి రాసిందెవరు?"

చదివింది. నా మొహం చూసింది. పెన్సిలు తీసుకుని రాసింది. "నేను."

నేను లేచి పాలు పొంగుతున్నాయేమోనని పొయ్యి దగ్గరకు వెళ్ళాను. పొయ్యి వెలిగించనే లేదు.

తిరిగి వచ్చేసరికి ఇంకా రాస్తోంది. ఆ కాగితం నా ప్రార్థన పుస్తకంలో పెట్టుకున్నాను. నీకోసం దించుతున్నాను.

"అక్కా, పేర్లు చదవరని నాకు పన్నెండో ఏటే తెలుసు. హాస్టల్లో సిస్టర్ ఒక పుస్తకం ఇచ్చింది. ఒక పక్క లాటిన్, ఒక పక్క ఇంగ్లీషు. మొత్తం చదివాను. నా పేరు లేదు. రెండు రోజులు ఏడ్చాను. సెలవులకు వచ్చాక నిన్ను కడిగెయ్యాలనుకున్నాను. ఆదివారం వచ్చింది. నువ్వు అరచెయ్యి ఆనించావు. అడగలేకపోయాను.

"అమ్మ పోయాక నువ్వు నాకు వండిపెట్టావు, బట్టలు కుట్టావు, జ్వరమొస్తే కూర్చున్నావు. దగ్గరికి తీసుకోలేదు. నీకు చేతకాదు. వారానికి పది నిమిషాలు మాత్రం నీ చెయ్యి నా మీద ఉండేది. నేను జుట్టు సర్దుకుని కూర్చునేది పేరు కోసం కాదు. నిజం తెలిసిందని నువ్వు పసిగడితే ఆ చెయ్యి తీసేస్తావని.

"పనిలో రోజంతా జనం నోళ్ళే చూస్తాను. గుడిలో మాత్రం వీపు. ఆ మాటలన్నీ నాకు కంఠతా వచ్చు. ఒక్కసారి కూడా ఎవరూ అంటుండగా చూడలేదు. చూడాలనిపించింది. అందరూ జవాబు చెప్పేది ఎప్పుడో కనిపెట్టి నేనూ చెప్పాలనిపించింది. అందుకే రాశాను. ఎవరికీ చెప్పొద్దని అన్నయ్యకు ఒట్టు పెట్టాను. నీకు చెబితే చెయ్యి తీసేస్తావని భయపడ్డాను. చెప్పకపోయినా తీసేశావు."

ఆమె మొహం చూడలేకపోయాను. కాగితం కింద చోటుంటే ఒక మాట రాశాను. "ఆదివారం వస్తాను."

వెంటనే లాక్కుని రాసింది. "సంతకాలు ఇరవై నాలుగు సేకరించావు. నన్ను అడిగితే ఇరవై అయిదయ్యేవి. నువ్వు అడిగితే పెట్టేదాన్నే, పిచ్చి అక్కా." తర్వాత ఆ పిట్ట కూత.

ఇప్పుడు ఆదివారం సంగతి.

ముందే చెబుతున్నాను, నా మనసేమీ మారలేదు. లాటిన్ పోయినందుకు ఇప్పటికీ బాధే. ఆ నిశ్శబ్దం పోయింది. దాని బదులు ఏం పెట్టినా అది కాదు. మైకు గరగరలాడుతుంది. జరిపిన బలిపీఠం కింద నేల రంగు వేరేగా ఉంది, అటు చూడకుండా ఉండలేను. ఇవన్నీ బిషప్ గారికి చదివి వినిపించు.

బలిపీఠం గుడ్డలు మాత్రం నేనే ఉతుకుతున్నాను, మానలేదు. పూజ పాత్ర తుడిచిన గుడ్డల తొలి నీళ్ళు పవిత్రమైనవి కాబట్టి ఇప్పటికీ కాలవలో పొయ్యను, మొక్క మొదట్లోనే పోస్తాను. ఉతికేటప్పుడు లాటిన్ నోట్లో దానంతటదే వస్తుంది. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా.

ముందు వరుసలో పిట్ట పక్కన కూర్చున్నాను. ఫాదర్ ఇటు తిరిగారు. ఇన్నేళ్ళూ పూజలో ఫాదర్ల వీపే చూశాను, మొహం చూస్తుంటే పరాయింట్లోకి తొంగి చూసినట్టు సిగ్గేసింది. పిట్ట మాత్రం కన్నార్పలేదు. ఆయన పై పళ్ళు ఆమె చేసినవే, తెలుసు కదా. మధ్యలో నాకు వేళ్ళతో సైగ చేసింది. "ఎడమ పక్క పన్ను కాస్త ఎత్తయింది. అరగదియ్యాలి." పూజలో నాకు నవ్వొచ్చింది. అది కూడా పాపసంకీర్తనంలో చెప్పుకోవాలి.

ఆమె జవాబులు చెప్పింది, తమ్ముడూ. పైకి, గొంతు విప్పి. ఒక్క అర క్షణం ఆలస్యంగా, శ్రుతి లేకుండా. "ఆమెన్" గుడంతా మోగింది. వరుస చివర కూర్చున్న టీచరమ్మ గిరుక్కున మా వైపు తిరిగింది. ఇప్పుడు ఎర్ర పెన్ను తీస్తుంది అనుకున్నాను. రెండో "ఆమెన్"కు ఆవిడ కూడా అర క్షణం ఆగి, పిట్టతో కలిపి చెప్పింది. మూడోదానికి వరుసంతా ఆగింది.

నాకే ఇబ్బంది అయింది. నా ఇంగ్లీషు కొట్లో దారపు ఉండలు అడగడానికి సరిపోతుంది. ఫాదర్ వేగంగా చెబుతున్నారు, మైకులో మాట మాట మీద పడుతోంది. అందరూ నిలబడితే నేను కూర్చుని ఉన్నాను. అందరూ కూర్చుంటే నిలబడ్డాను. పూజలో ఎక్కడున్నానో తెలియకపోవడం నాకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. పిట్టకు ఎలా ఉంటుందని ఊరంతా తిరిగి చెప్పానో, అది నాకే జరిగింది. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాను.

అప్పుడు నా మణికట్టు మీద ఒక వేలు తట్టింది. ఒకసారి.

ఆమె నా వైపు చూడటం లేదు. కళ్ళు ఫాదర్ పెదాల మీదే ఉన్నాయి. కాసేపటికి రెండుసార్లు తట్టింది. సరిగ్గా తాత గంట మోగింది. మైకొచ్చినా ఆయన గంట మానలేదు.

తర్వాత పెద్ద ప్రార్థన మొదలైంది. ఇప్పుడది పైకే చెబుతున్నారు, నిశ్శబ్దం లేదు. నాకు అందులో మూడో వంతు కూడా అందలేదు. పిట్ట వేలు తీసేసింది. అరచెయ్యి ఆనించింది.

గరుకుగా ఉంది ఆ చెయ్యి, సున్నం పిండితో. ఎంతసేపు ఉంచిందో లెక్క తెలియదు.

అక్కడ ఎవరి పేరూ చదవరని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. అయినా జుట్టు సర్దుకుని నిటారుగా కూర్చున్నాను.

నీ కోసం ప్రార్థించే
అక్క